మా ఆయన నన్ను పోషించిన సంవత్సరం

దుబాయ్‌లో ఆదాయప్పన్ను లేదు. అందుకని అక్కడ మొగుడు పెళ్ళాన్ని పోషిస్తున్నాడా, పెళ్ళాం మొగుణ్ణి పోషిస్తోందా అని సర్కారు ఎవర్నీ అడగదు. ఆ ప్రశ్న అడిగింది కెనడా. అదీ నన్ను కాదు, మా ఆయన్ని. ఆయన చెప్పబోయిన జవాబు తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

2004లో మేమిద్దరం ఇమిగ్రేషన్ వీసా మీద టొరంటోలో దిగాం. ఆ వీసాకి ఆయన పాయింట్లు చాలక నా ఎమ్మెస్సీ పాయింట్లు కలుపుకోవాల్సొచ్చింది. అప్పుడు నేను మహా విద్యావంతురాల్ని. నా డిగ్రీ పట్టాని ఆయన ఎంత ముచ్చటగా పట్టుకుని జిరాక్సు తీయించాడని. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా అంత శ్రద్ధగా చూడలేదు. తీరా దిగాక తేలిందేమిటంటే, దుబాయ్‌లో ఆయన చేసిన ఇంజనీరుగిరీ అక్కడ చెల్లదు, కెనడా అనుభవం కావాలి. ఆ అనుభవం సంపాదించడానికి ఆయన అక్కడే ఉండాలనీ, నేను దుబాయ్ వెనక్కొచ్చి ఉద్యోగం చేసుకోవాలనీ తీర్మానించుకున్నాం. గల్ఫ్ నుంచి అలా వెళ్ళిన ఇళ్ళల్లో మామూలుగా మగవాళ్ళు తిరిగొస్తారు. మా ఆయనకి ఆ దారి లేదు. రాజీనామా ఇచ్చి ఊరుకోకుండా, వీడ్కోలు పార్టీలో ఈ ఎడారిలో ప్రతిభకి విలువ లేదని ఉపన్యాసం కూడా ఇచ్చొచ్చాడు. మళ్ళీ ఆ ముదీర్ ముందే, అంటే ఆ మేనేజరు ముందే, నిలబడటం నామోషీ కదా. నేను ఏ ఉపన్యాసమూ ఇవ్వకుండా మూడు వారాల సెలవు పెట్టి వెళ్ళాను కాబట్టి నా కుర్చీ నాకుంది.

వచ్చాక అల్ నహ్దాలో ఫ్లాటు ఖాళీ చేసి కరామాలో బెడ్ స్పేస్‌కి మారాను. ఒక గదికి మధ్యలో ప్లైవుడ్ చెక్క కొట్టి రెండు చేశారు, అందులో ఒక ముక్క నాది. పగలంతా సరుకు రవాణా కంపెనీలో లెక్కలు రాసేదాన్ని. జీతం రాగానే టొరంటోలో ఆయన ఉండే బేస్‌మెంటు అద్దె పంపేదాన్ని. తర్వాత కాకినాడలో ఆయన పేరు మీద కొన్న ఫ్లాటు వాయిదా కట్టమని మా అత్తగారి ఖాతాకి పంపేదాన్ని. మిగిలినదాంతో నేను బతికేదాన్ని.

కాకినాడకి డబ్బు వేశాక ఫోన్ చేసి, "మీ అబ్బాయి పంపాడు అత్తయ్యగారూ, చూసుకోండి" అనేదాన్ని. ఎవరూ అనమన్లేదు. మా వైపు అది రివాజు. కోడలి సంపాదనతో ఇంటి వాయిదా కడుతున్నారన్న మాట పదిమంది నోళ్ళలో పడకూడదు. మా బిల్డింగులో ఇళ్ళల్లో పనిచేసే రాజోలావిడ ఒకతె ఉండేది. వాళ్ళాయన ఊళ్ళో అరుగు దిగడు. ఆవిడ కూడా డబ్బు పంపిన ప్రతిసారీ "మీ నాన్నే పంపాడని చెప్పుకోండి" అని పిల్లలకి నేర్పేది. మేం ఆడవాళ్ళం ఇలా మగవాళ్ళకి ఊరికే దానం చేస్తున్న పరువంతా పోగేస్తే ఇంకో కరామా కట్టొచ్చు.

2006 మార్చిలో ఒక శుక్రవారం మా ఆయన ఫోన్ చేశాడు. గొంతులో మంచి హుషారు. గిడ్డంగిలో చాలీచాలని జీతానికి ఉద్యోగం దొరికి అప్పటికి ఏడాది దాటింది, పన్ను లెక్కలు దాఖలు చేయాలి. అక్కడ మనవాళ్ళందరికీ ఆ లెక్కలు వేసిపెట్టే తెలుగాయన ఒకడు ఒక ఉపాయం చెప్పాడట. విదేశంలో ఉన్న భార్య భర్త మీద ఆధారపడి బతుకుతుంటే అతనికి పన్నులో కొంత తగ్గిస్తారట. కాబట్టి నేను ఒక ఉత్తరం రాసి సంతకం పెట్టాలి. నేను గృహిణిని, నాకు ఏ ఆదాయమూ లేదు, కెనడాలో ఉన్న నా భర్త పంపే డబ్బుతో జీవిస్తున్నాను అని. వీలైతే మా కంపెనీ చేత కూడా రాయించాలట. నేను ఎక్కడా పనిచేయడం లేదని, నేను పనిచేసే కంపెనీ లెటర్‌హెడ్ మీద.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మీరు నాకు ఎప్పుడు పంపారండీ?" అని అడిగాను.

"నెలనెలా ఇంటికి పంపుతూనే ఉన్నాం కదా."

"ఏ ఇంటికి?"

"కాకినాడకి. మొన్న కూడా అమ్మ అంది, నువ్వు పంపింది అందిందిరా అని."

ఆయన అబద్ధం ఆడుంటే నాకు అంత కోపం వచ్చేది కాదు. నిజంగానే నమ్మాడు. నేను పంపడం, ఆయన పంపాడని నేనే చెప్పడం, వాళ్ళమ్మ అదే మాట ఆయనకి తిప్పి చెప్పడం, ఇలా రెండేళ్ళు తిరిగేసరికి ఆ డబ్బు ఆయన జేబులోంచే వెళ్తున్నట్టు ఆయనకి స్థిరపడిపోయింది. ఎక్స్ఛేంజి కౌంటరు దగ్గర క్యూలో కాళ్ళు పీకేలా నిలబడినదాన్ని నేను. మంచి కొడుకన్న పేరు ఆయనది. అదైనా సర్దుకుపోయేదాన్ని. ఇప్పుడు నన్ను పోషిస్తున్నట్టు సర్కారు ముద్ర కూడా కావాలట.

పంపినట్టు రుజువులు అడిగితే ఏం చేస్తారన్నాను. దానికీ ఆ మేధావి దగ్గర మందుంది. నేను టొరంటోకి పంపేదానిలో ఇంకాస్త కలిపి పంపితే, ఆ కలిపినది మా ఆయన నాకు తిరిగి పంపుతాడట. రసీదులు పుడతాయి. అంటే నా డబ్బుతో నన్ను పోషించడానికి పోనూ రానూ కమిషన్ నేనే కట్టుకోవాలి. ఇంత తెలివి ఉండీ వాళ్ళిద్దరూ బేస్‌మెంట్లలో ఎందుకుంటున్నారో నాకు అర్థం కాలేదు.

సంతకం పెట్టనన్నాను. "సంతకమే కదా, నీ సొమ్మేం పోయింది" అన్నాడు. ఏం పోతుందో ఆయనకి చెప్పే ఓపిక నాకు లేదు. ఎండలో బస్సు కోసం నిలబడి, చెమటతో ఏసీ గదిలోకి వెళ్ళి జలుబు తెచ్చుకుని, పగలల్లా పరాయివాళ్ళ కంటైనర్ల లెక్కలు తేల్చి నేను గడిపిన రెండేళ్ళూ ఆ కాగితంతో లేనట్టే అయిపోతాయి. వీసా కావలసినప్పుడు ఎమ్మెస్సీని, పన్ను తగ్గాలంటే దిక్కులేనిదాన్ని. ఆ దేశం వాళ్ళు అడిగేదానికల్లా నేను వేషం మార్చాలి.

మా ఆయన అలిగాడు. ఫోన్లు మానేశాడు. ఆయన తరఫున దుబాయ్‌లోని ఆయన స్నేహితుడొకడు రాయబారానికి వచ్చాడు. ఖలాస్ చేసెయ్యండి వదినగారూ, అందరూ పెట్టే సంతకమే కదా అన్నాడు. అతని భార్య విశాఖలో ఉంది. ఆవిడ కూడా ఇలాగే మిమ్మల్ని తను పోషిస్తున్నట్టు రాసిమ్మంటే ఇస్తారా అని అడిగాను. నేనలా ఎందుకు రాస్తానండీ, నేను సంపాదిస్తున్నాను కదా అన్నాడు. ఆ మాటలో ఏముందో అతనికి తట్టనేలేదు. టీ తాగి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్లో మా అత్తగారు ఫోన్ చేసింది. ఆవిడ కాకినాడలో జాకెట్లు కుట్టే కొట్టు నడుపుతుంది, ఎప్పుడు మాట్లాడినా వెనకాల మిషన్ల చప్పుడు వినిపిస్తుంది. తనంతట తాను విదేశాలకి ఫోన్ చేసే మనిషి కాదు. కొడుకే చేయించాడని నాకు తెలిసిపోయింది. పోట్లాటకి సిద్ధపడి కూర్చున్నాను.

"అదేదో సంతకం పెట్టమని నీకు చెప్పమన్నాడే అమ్మాయ్. చెప్పాను, ఇంక నా పనైపోయింది. నువ్వు మాత్రం పెట్టమాక."

"డబ్బు ఆయనే పంపుతున్నాడనుకుంటున్నాడు అత్తయ్యగారూ" అన్నాను.

"అనుకోడా మరి? వాడు పంపాడని నువ్వంటే నేను ఊఁ కొట్టాను. నేనూ వాడితో అదే అన్నాను. బ్యాంకోడు ఎవరి పేరు చెప్తాడో నాకు తెల్దేంటి? అక్కడ పని దొరక్క వాడు కుంగిపోతాడేమోనని ఊరుకున్నాను. ఎక్కువ ఊరుకున్నాను. నిన్న వాడికి అంతా చెప్పేశాను."

ఏమన్నాడని అడిగాను. ఫోన్ పెట్టేశాడట. ఆవిడ కూడా అంతకంటే మాట్లాడకుండా, కొట్లో బేరం వచ్చిందని పెట్టేసింది.

నెలాఖరుకి ఆయన మళ్ళీ చేశాడు. దాఖలు చేయడానికి గడువు రెండు రోజులుంది. ఆ తెలుగాయన దగ్గరికి వెళ్ళడం లేదని, తనే నింపుకుంటున్నానని చెప్పాడు. భార్య ఆదాయం ఎంతో కూడా రాయాలట. గొంతులో మొదటి రోజు హుషారు లేదు.

"నీ జీతం ఎంత?" అన్నాడు.

పెళ్ళయిన ఏడేళ్ళలో ఆ మాట ఆయన అడగడం అదే మొదలు. దుబాయ్‌లో కలిసి ఉన్నన్నాళ్ళూ నాది ఆయన దృష్టిలో చేతిఖర్చు డబ్బు. అంకె చెప్పాను. దిర్హాముల్లోనా అన్నాడు. అవునన్నాను. లోపల డాలర్లలోకి మార్చుకున్నాడు కాబోలు.

"అంతేనా? అన్నీ అందులోంచేనా?"

"అందులోంచేనండీ. వచ్చే నెల అద్దె ఎంత పంపమంటారు?"