గోడలు లేని వంటిల్లు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరం నుంచి గంటన్నర బోటులో వెళ్తే వచ్చే ఆ చిన్న దీవిలో ఇప్పుడు ఎవరూ ఉండరు. నాతోపాటు దిగిన ఎనభై ఏళ్ల వాల్టర్ గారు మాత్రం అక్కడే పుట్టారట. గడ్డిలో మిగిలిన ఒక రాతి గడప దగ్గర ఆగి, బూట్లు తుడుచుకుని లోపలికి అడుగుపెట్టారు. లోపల గోడల్లేవు, కప్పు లేదు.

"రండి, ఇదే మా వంటిల్లు," అన్నారు.

నేను అలవాటుగా షూస్ విప్పేశాను.

"అయ్యో, ఉంచుకోండి! కింద ముళ్లున్నాయి."

"వంటిల్లన్నారు కదండీ. మా ఇళ్లలో చెప్పులతో వంటింట్లోకి వెళ్లం."

ఆయన కాసేపు నా కాళ్ల వంకే చూశారు.

"మా పిల్లలు దీన్ని రాళ్లకుప్ప అంటారు," అన్నారు మెల్లగా.

ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని, మిగతా గదులన్నీ ఒక్కొక్కటిగా తిప్పి చూపించారు.