కలవని రెండు షరతులు

ఆ మేడం గురించి ఎప్పుడో రాయాల్సింది. కానీ అప్పటికి నాకు సగం అక్షరాలే వచ్చు. భద్రాచలం అవతల మా గూడేనికి వచ్చి, తను తయారుచేసిన ఫోన్ యాప్‌తో యాభై ఏళ్ల నాకు చదువు చెప్పింది ఆమే.

ఎవరెవరో రాసి అందరి కోసం వదిలిన కోడ్‌ను ఆమె యాప్‌లో కలిపేది. కలిపే ముందు వాళ్ల షరతులను తెర మీద గోటితో గీస్తూ పైకి చదివేది. ఒక్కసారి మాత్రం తొందరలో చదవలేదు. ఆ సాయంత్రం చదివి, నన్ను పిలిచింది.

“అక్కా, తప్పు చేసిన. గొంతు పలికే కోడ్ ఇచ్చినోళ్లు, ఏది కలిపినా మా షరతుతోనే పంచాలె, ఇంకో షరతు పెట్టొద్దన్నరు. అక్షరాలు చూపే కోడ్ ఇచ్చినోళ్లేమో, అమ్ముకునేటోళ్లకు ఇయ్యొద్దన్నరు. రెండూ కలిపి ఎవ్వరికీ ఇయ్యరాదు.”

మాలో ఒకే గట్టు, అంటే ఒకే గోత్రం వాళ్లకు పెళ్లి కుదరదు, ఇద్దరూ ఎంత మంచివాళ్లైనా. అలాంటిదే అనుకున్నాను. కానీ తెల్లారితే పక్క గూడేల ఆడవాళ్లు ఆ యాప్ కోసం వస్తున్నారు.

“ఈ అడవిల ఎవరు చూస్తరు మేడం?”

“నమ్మి ఇచ్చిండ్రక్కా” అంటూ అక్షరాల కోడ్ తీసేసింది. యాప్‌లో గొంతు మాత్రం మిగిలింది. ఇక నా చదువు సగంలో ఆగినట్టే, మళ్లీ వేలిముద్రే అని భయపడ్డాను.

పొద్దున్నే ఆడవాళ్లు వచ్చారు. తెర మీద ఇక కనిపించదు కాబట్టి, ఫోన్ గొంతు పలికిన ఒక్కో అక్షరాన్ని సుద్దతో గోడ మీద రాశాను. నాకు రాని అక్షరం దగ్గర సుద్దముక్క మేడం చేతికిచ్చి, వాళ్ల మధ్యకు వెళ్లి కూర్చున్నాను.