నాన్న పక్క సీటు

ఆ ప్లీడరు గారి పేరు నేను అడగలేదు. కాకినాడ బస్సులో నాన్న పక్కన నేను కూర్చున్నాను. నల్లకోటు ఒళ్లో పెట్టుకుని ఆయన అవతలి సీట్లో ఉన్నారు.

“ఎక్కడి దాకా అండి?” అని నాన్నని అడిగారు. నేను చెప్పాను. “ఒంట్లో బాగుంటోందా అండి?” దానికీ నేనే చెప్పాను.

ఆయన నావైపు తిరిగారు. “నేను వీలునామాలు రాస్తానండి. పెద్దాయన్ని తీసుకొచ్చిన కొడుకుని ముందు బయట కూర్చోమంటాను. కొడుకు ఎదురుగా ఉంటే ఆయన నోరు విప్పరు. మీరు కాసేపు వెనక్కి వెళ్తారా?”

ఒళ్ళు మండింది. అయినా వెళ్ళాను. గోదావరి వంతెన పొడవునా నాన్న చేతులు తిప్పుతూ ఆయనతో మాట్లాడుతూనే ఉన్నారు. బస్సు హోరులో ఒక్క ముక్కా వినపడలేదు.

ఆయన రాజమండ్రిలో దిగిపోయారు. నేను ముందుకొచ్చేసరికి నాన్న నా సీట్లో తన సంచి పెట్టుకున్నారు. తియ్యమనడానికి నాకు నోరు రాలేదు.