పసుపు బొట్లు పెట్టిన పరుపు

2022, వానలు మొదలైన రోజులు. కరోనా భయం చాలావరకు వదిలి, ఏలూరులో మా క్లినిక్‌కి మళ్ళీ మామూలు నొప్పులు రావడం మొదలైన ఏడాది. నేను ఫిజియోథెరపిస్టుని. మందులు రాయను, సూదులు వెయ్యను. కదలనని మొండికేసిన కాలుతోనూ చేతితోనూ పోట్లాడి కదిలించడం నా పని. పెదవేగి పామాయిల్ తోటల్లో గెలలు కోసి భుజాలు పట్టేసినవాళ్ళు, కొల్లేరులో చేపల చెరువు గట్ల మీద జారిపడి నడుం పట్టేసినవాళ్ళు, ఫోన్ చూసి చూసి మెడ తిప్పలేనివాళ్ళు, అందరూ వస్తారు. వచ్చినవాళ్ళంతా ఒకే మాట అడుగుతారు, "ఎన్నాళ్ళకి తగ్గుతుందండీ?" అని. ఒక్క సత్యవతి గారు మాత్రం అలా అడగలేదు.

ఆవిడది తాడేపల్లిగూడెం. భర్త వెంకటరత్నం గారూ ఆవిడా కలిసి ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు నడిపేవారు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఉల్లిపాయల మార్కెట్టుకి దగ్గర కావడంతో ఆ వీధి మలుపు తిరగ్గానే ఘాటు ముక్కుకి తగిలేది. ఆవిడకి స్ట్రోక్ వచ్చి, అంటే మెదడులో ఒక భాగానికి రక్తం అందక, ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక నన్ను పిలిపించారు. రోజు విడిచి రోజు ఏలూరులో పాసింజరెక్కి వెళ్ళేదాన్ని.

మొదటిరోజు నేను ఎవర్నయినా అడిగే ప్రశ్నే ఆవిడనీ అడిగాను.

"పిన్నిగారూ, అన్నిటికంటే ముందు మీకేం చెయ్యాలనుందండీ?"

నడవాలంటారు చాలామంది. ఆవిడ మాత్రం, మాట కాస్త ముద్దగా వస్తున్నా స్పష్టంగానే చెప్పారు. "నడక సంగతి తర్వాత చూద్దాం సువార్తమ్మా. ఎవర్నీ పిలవకుండా ఈ మంచం మీంచి లేచి కూచోవాలి. బాత్రూముకి వెళ్ళాలన్నా ఆయన్నే పిలవాలి. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయనకి మంచినీళ్ళ గ్లాసు కూడా నేనే అందించానమ్మా. ఇప్పుడాయన నన్ను చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తి కూచోబెడుతుంటే, అది సిగ్గో ఏడుపో నాకే తెలీడం లేదు."

వెంకటరత్నం గారు మంచం పక్కనే నుంచుని ఉన్నారు. "పిలవడానికి గొంతు చించుకోనక్కర్లేదమ్మా, గంట పెట్టానుగా!" అన్నారు. తలగడ పక్కన కొట్లోంచి తెచ్చిన ఇత్తడి పూజగంట మెరుస్తోంది. ఆవిడ దానివైపు చూసిన చూపు నాకు బాగా గుర్తు. ఆ చూపు చూశాక, ఈవిణ్ణి లేపకుండా నేను ఈ ఇల్లు వదలకూడదు అనుకున్నాను.

పడుకున్న మనిషి లేచి కూర్చోవడం ఎంత పెద్ద పనో, అది పోయేవరకూ ఎవరికీ తెలియదు. మా భాషలో దాన్ని బెడ్ మొబిలిటీ అంటాం, పక్క మీద తనంతట తాను కదలగలగడం. ముందు మంచి చేత్తో చచ్చుబడిన చేతిని పట్టుకోవాలి. కుడివైపుకి దొర్లాలి. కుడిపాదాన్ని ఎడమ మడమ కింద దూర్చి, రెండు కాళ్ళనీ మంచం అంచు దాటించాలి. అప్పుడు కుడి మోచేతిని పరుపు మీద గట్టిగా అదిమి, ఆ ఊతంతో పైకి లేవాలి. ఆ మోచేతికి కింద ఏదైనా గట్టిగా తగలాలి. అదే కీలకం. ఆవిడ పాత పత్తిపరుపు ఏళ్ళ తరబడి వాడి వాడి రాయిలా అయిపోయింది. ఆయనకి అది కంటగింపు. నాకు మాత్రం ముచ్చటేసింది.

ఆవిడ మొండిమనిషి. నేను రెండుసార్లు చెయ్యమంటే నాలుగుసార్లు చేసేవారు. చెమట కారుతున్నా ఆపేవారు కాదు. మా ఇద్దరికీ అడ్డు ఒక్క వెంకటరత్నం గారే. ఆవిడ మోచెయ్యి వణికితే చాలు, రెండు చేతులూ చాచి ముందుకి ఉరికేవారు. "బాబాయిగారూ, చేతులు మీ దగ్గరే ఉంచుకోండి" అని నేను, "ఏవండీ, మీరు కొట్లోకి వెళ్ళండి" అని ఆవిడ. ఆయన గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చేవారు. అయినా ఒకరోజు, నా చెయ్యి తగలకుండా, ఆయన చెయ్యి తగలకుండా, ఆవిడ లేచి కూర్చున్నారు. ఆ రోజు రైల్లో నేను నవ్వుకుంటూ వచ్చాను.

సరిగ్గా అప్పుడే నాకు వైరల్ జ్వరం పట్టుకుంది. కొన్నాళ్ళు వెళ్ళలేకపోయాను. తగ్గి మళ్ళీ వెళ్ళినరోజు, కొట్టు మెట్లు ఎక్కుతుండగానే లోపల్నుంచి గంట వినిపించింది. నేను చెప్పులు విప్పేలోగా మళ్ళీ మోగింది. మనసు కీడు శంకించింది.

లోపలికి వెళ్ళేసరికి వెంకటరత్నం గారి మొహం వెలిగిపోతోంది. "చూశారా అమ్మా! ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పించాను. మెమరీ ఫోమ్ అట. మనిషి ఒంటిని గుర్తుపెట్టుకుంటుందట!"

మంచం మీద తెల్లటి కొత్త పరుపు. దాని మీద సత్యవతి గారు. మీద అనడం కంటే, దానిలో అనాలి. నడుం దగ్గర అది గుంటపడి ఆవిణ్ణి లోపలికి తీసుకుంది.

ఆయన ఆపకుండా ఆ పరుపు వచ్చిన వైభోగమంతా చెప్పారు. నిలువెత్తు డబ్బాలో చుట్టచుట్టి వచ్చిందట. లోపల గాలంతా పీల్చేసిన ప్లాస్టిక్ సంచి. కత్తెర పెట్టగానే బుస్సుమందట. "నేను రెండడుగులు వెనక్కి వేశానమ్మా, పాముందేమోనని. చూస్తుండగానే పూరీలా పొంగింది!" రంగులేసిన గదిలో వచ్చేలాంటి వాసన పోయేవరకు ఫ్యాను కింద ఆరబెట్టి, నాలుగు మూలలా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అప్పుడు ఆవిణ్ణి పడుకోబెట్టారు. వాళ్ళింట్లో కొత్త కాటా వచ్చినా, కొత్త బీరువా వచ్చినా అంతే. పాత పత్తిపరుపుని మార్కెట్టు వాచ్‌మన్‌కి ఇచ్చేశారట.

"బాగుందా పిన్నిగారూ?" అన్నాను.

"బాగానే ఉందమ్మా" అన్నారావిడ, నా వైపు చూడకుండా.

"అయితే లేవండి చూద్దాం."

దొర్లబోయారు. గుంటలోంచి నడుం బయటికి రాలేదు. నేను సాయంచేసి పక్కకి తిప్పాను. మోచెయ్యి అదిమారు. మోచెయ్యి మెత్తగా లోపలికి దిగిపోయింది. ఇంకా అదిమారు, ఇంకా దిగింది. కాళ్ళు అంచు దాటించాక ఆ అంచు కూడా కుంగి, ఆవిడ జారబోతే నేను పట్టుకున్నాను. పైగా పరుపు మందం వల్ల మంచం ఎత్తయిపోయి, పాదాలు నేలకి అందడం లేదు. ఇంతలో ఆయన చేతులు రానే వచ్చాయి. ఎత్తి మళ్ళీ పడుకోబెట్టేశారు. "గంట కొట్టు సత్యవతీ, నేను లేనూ?" అన్నారు ప్రేమగా.

ఆయన కొట్లోకి వెళ్ళాక ఆవిడ కళ్ళు తుడుచుకోబోయారు. అలవాటు కొద్దీ ఎత్తబోయిన ఎడమ చెయ్యి లేవలేదు. నేనే తుడిచాను.

"నాకోసమని ఆయన ఏ వస్తువూ ఇంత ముచ్చటపడి కొనలేదమ్మా. తెల్లారి లేచి, నిద్ర పట్టిందా అని చిన్నపిల్లాడిలా అడుగుతారు. బాగాలేదని ఎలా చెప్పను?"

నాకు ఒళ్ళు మండింది. పరుపు మీద కాదు, ఆయన మీదా కాదు, ఆ 'బాగానే ఉంది' మీద. స్ట్రోక్ వచ్చాక మొదటి నెలలు బంగారం లాంటివి. అప్పుడు రాబట్టుకోలేనిది తర్వాత రాబట్టడం చాలా కష్టం. ఆవిడ మర్యాదకి పోయి తన చెయ్యీ కాలూ వదులుకుంటున్నారు. "మీరు చెప్పకపోతే నేను చెబుతాను" అని కొట్లోకి నడిచాను.

వెంకటరత్నం గారు గంగాళం తుడుస్తున్నారు. చెప్పింది విని ఆయన మొహం చిన్నబోయింది. "హాయిగా పడుకోవడం తప్పా అమ్మా?" అన్నారు.

"పడుకోవడానికి చాలా మంచి పరుపండీ బాబాయిగారూ. ఆవిడకి కావాల్సింది లేవడం."

గంగాళాన్ని అటూ ఇటూ తిప్పి ఇంకోసారి తుడిచారు. చివరికి, మూడు నెలలు వాడి చూసి నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామన్నారని చెప్పి, ఫోన్ తీసి రిటర్న్ పెట్టారు.

పరుపు తీసుకెళ్ళే మనిషి వ్యాన్ వేసుకుని నేనున్న రోజునే వచ్చాడు. పరుపుని నాలుగువైపులా చూసి ఆగిపోయాడు.

"మరకలున్నాయండీ. మరకలుంటే తీసుకోకూడదండి."

"మరకలేంటయ్యా, అవి బొట్లు!" అన్నారు వెంకటరత్నం గారు.

"మా ఫోన్లో బొట్లు అని లేదండీ. మరక ఉందా, లేదా అనే అడుగుతోందండి."

వెంకటరత్నం గారు పరుగున వెళ్ళి సబ్బూ తడిగుడ్డా తెచ్చి ఓ మూల రుద్దారు. పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో ఇంట్లో గుడ్డలుతికినవాళ్ళకి తెలుసు. ఎర్రగా మారి ఇంకా పాకింది. వ్యాన్ మనిషి నవ్వాపుకుంటూ, "వస్తానండీ" అని వెళ్ళిపోయాడు. సత్యవతి గారు కుర్చీలోంచి అదంతా చూస్తున్నారు. స్ట్రోక్ వచ్చాక ఆవిడ పగలబడి నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. నోరు ఓ పక్కకి వంగినా సరే, అందమైన నవ్వు.

నవ్వైతే నవ్వుకున్నాంగానీ పరుపు అక్కడే ఉంది, సమస్యా అక్కడే ఉంది. నేను ఓడిపోయి రైలెక్కే రకాన్ని కాదు. ఎక్కడైనా గట్టి చోటు దొరక్కపోతుందా అని పరుపంతా మోచేత్తో పొడిచి చూశాను. ఎక్కడ పొడిచినా మెత్తనే. ఓ మూల ఎత్తి, అడుగువైపు పొడిచాను. నా మోచెయ్యి ఆగింది. ఇంకోసారి పొడిచాను. గట్టిగా, చదునుగా, పాత పత్తిపరుపులా ఆగింది. అంచున కుట్టిన చిన్న గుడ్డముక్క మీద చూస్తే, ఒకవైపు సాఫ్ట్, ఇంకోవైపు ఫర్మ్ అని ఉంది. రెండువైపులా వాడుకునే పరుపు అది.

"తిరగేద్దాం పట్టండి బాబాయిగారూ!" అన్నాను సంబరంగా.

ఆయన కదల్లేదు. "బొట్లు కిందకి పోతాయి కదమ్మా. పసుపు కుంకుమలు పెట్టింది బోర్లించి, దాని మీద ఆవిణ్ణి పడుకోబెట్టమంటారా? ఈ స్థితిలోనా?"

మాది చర్చికి వెళ్ళే ఇల్లు. వాళ్ళింటి నమ్మకం మీద నేను మాట విసరలేను. పైగా ఆయన గొంతులో ఉన్నది పట్టుదల కాదు, భయం. ఆవిడకి ఇంకేమైనా అవుతుందేమోనని. అప్పుడు సత్యవతి గారే కుర్చీలోంచి పలికారు.

"ఏవండీ, తిరగెయ్యండి. మీరు పెట్టిన బొట్టు కింద ఉంటే, కిందనుంచి నన్ను పైకి తోస్తుందిలెండి."

ఆయన ఆవిడకేసి చూసి, తలొంచుకుని, పరుపుకి రెండోవైపు పట్టుకున్నారు.

తిరగేశాం. ఇక ఎత్తు సంగతి. కొట్లో పట్టని సామాను దాచుకోవడానికి ఎప్పుడో మంచంకోళ్ళ కింద చెక్కదిమ్మలు పెట్టారు. కింద బిందెలూ గంగాళాలూ బోర్లించి ఉన్నాయి. వాటన్నిటినీ వీధంతా వినపడేలా గడగడలాడిస్తూ బయటికి లాగి, పక్కింటాయన్ని సాయం పిలిచి, దిమ్మలు తీసేశాం. ఆవిణ్ణి అంచున కూర్చోబెడితే రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాయి. ఆవిడ కుడిపాదంతో నేలని ఒకసారి తట్టి చూసుకున్నారు.

ఆ తర్వాత ఒక పని మిగిలింది. మంచానికి ఎదురుగా ఓ కుర్చీ వేశాను. "బాబాయిగారూ, ఇక మీదట ఈవిడ లేచేటప్పుడు మీ చోటు ఇది. చేతులు తొడల కింద పెట్టుకోండి" అన్నాను. ఆయన బుద్ధిగా కూర్చున్నారు. ఆవిడ దొర్లుతుంటే ఈయన పళ్ళు బిగించేవారు, ఆవిడ మోచెయ్యి వణికితే ఈయన భుజాలు వణికేవి. ఆ రోజుల్లో ఎవరికి ఎక్కువ కష్టమైందంటే నేను చెప్పలేను. నేను లేనప్పుడూ ఆ కుర్చీ అక్కడే ఉండాలని ఆవిడే పట్టుబట్టారు. దొర్లడం తిరిగి వచ్చింది. కాళ్ళు అంచు దాటడం వచ్చింది. మోచెయ్యి మాత్రం సగం లేపి కూలబడేది. పడ్డప్పుడల్లా, "మళ్ళీ" అనేవారు ఆవిడ, నేను అనకముందే.

వానలు తగ్గాక ఒక పొద్దున వెళ్ళాను. వెంకటరత్నం గారు కొట్లో ఎవరికో బిందె చూపిస్తున్నారు. లోపల గంట మోగింది. చాలా రోజులైంది దాన్ని విని. ఆయన బిందె వదిలేసి లోపలికి పరిగెత్తారు. వెనకాలే నేను.

సత్యవతి గారు మంచం అంచున నిటారుగా కూర్చుని ఉన్నారు. రెండు పాదాలూ నేల మీద. కుడిచేతిలో గంట. గదిలో ఇంకెవరూ లేరు.

"ఏం కావాలి సత్యవతీ? ఏమైంది?" ఆయన చేతులు అప్పటికే ముందుకి చాచి ఉన్నాయి.

"ఏమీ వద్దండీ. లేచాను. చూస్తారని పిలిచాను."

చాచిన చేతులు కాసేపు అలాగే గాల్లో ఉండిపోయాయి. తర్వాత ఆయన వాటిని నెమ్మదిగా వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి కూడా ఆ చేతులు ముందుకి తీసుకురాలేదు.

పరుపుల గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు, ఏది మంచిదని. అడ్డంగా పడి నిద్రపోయేవాళ్ళకి ఏదైనా మంచిదే. లేవాలనుకునేవాళ్ళకి మోచెయ్యి ఆనితే ఆగేది కావాలి. సత్యవతి గారి ఇంట్లో నేర్చుకున్నది అంతకంటే ఇంకొంచెం ఉంది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా ముందు మంచం చూస్తాను, పరుపుని మోచేత్తో పొడుస్తాను. ఆ తర్వాత, ఆ ఇంట్లో రోగిని అందరికంటే ఎక్కువ ప్రేమించే మనిషి ఎవరో కనుక్కుని, వాళ్ళకి ఓ కుర్చీ వేస్తాను.