మూర్తి అన్న ఇంట్లోంచి వచ్చిన సిగ్నల్

మూర్తి అన్న పోయాడని నాకు మనవాళ్లెవరూ చెప్పలేదు.

నిన్న పొద్దున ఏదో కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్. "సార్, మీ హెలికాప్టర్ నుంచి ప్రమాద సిగ్నల్ వస్తోంది. లొకేషన్ జూబ్లీ హిల్స్. ఓనర్ ఫోన్ ఎత్తట్లేదు, రెండో నంబర్ మీది."

నవ్వొచ్చింది నాకు. అన్న ఆ హెలికాప్టర్ అమ్మేసి ఎన్నేళ్లయిందో!

తెలియనివాళ్లకి: అన్న సినిమా షూటింగులకు హెలికాప్టర్ అద్దెకిచ్చేవాడు. నేను అందులో కెమెరామన్‌ని. అది కూలితే శాటిలైట్‌కి సిగ్నల్ పంపే ఆరెంజ్ డబ్బా ఒకటుంటుంది, బీకన్ అంటారు. దానికో బ్యాటరీ, ఆ బ్యాటరీకో గడువు.

ఒకసారి షాట్ రెడీ, హీరో మేకప్‌తో కూర్చున్నాడు. చూస్తే గడువు ముందురోజే అయిపోయింది. పైలట్ ఇంజనీర్‌ని అన్నాడు. ఇంజనీర్ ఆఫీసుని అన్నాడు. మేనేజర్ "ఒక్క రౌండే కదండీ" అని బతిమాలాడు.

అన్న ఒకటే మాట. "హెలికాప్టర్ నాది. మార్పించాల్సింది నేను. ఎగరదు."

ప్యాకప్! ప్రొడ్యూసర్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

అలాగని మహా జాగ్రత్తపరుడేం కాదు. టీవీ రిమోట్‌ని నాలుగు దెబ్బలు కొట్టి వాడే రకం.

అమ్మినప్పుడు కొన్నాయన కొత్త బీకన్ పెట్టుకున్నాడు. పాతది అన్న హాల్లో షోకేస్‌లో చేరింది. దానికీ టైముకి బ్యాటరీ మార్పించేవాడు. షోపీస్‌కి ఎందుకన్నా అంటే, "ఇంకా నా పేరు మీదే ఉంది కదరా" అనేవాడు.

సరే, అన్న ఇంటికి పరుగెత్తాను. డ్రైవర్ యాదగిరి కింద కారు తుడుస్తున్నాడు. "సార్ ఇంక లేవలే. లోపట గడియ పెట్టుకున్నడు" అన్నాడు.

తలుపు పగలగొట్టాం.

అన్న సోఫాలో ఉన్నాడు. నిద్రపోతున్నట్టే. ఒళ్లు చల్లగా ఉంది.

షోకేస్‌లో బీకన్ వెలుగుతూ ఆరుతూ ఉంది. అద్దం మూసే ఉంది.

ప్రాణం రాత్రే పోయిందన్నాడు డాక్టర్. సిగ్నల్ మొదలైంది ఎండెక్కాక. పెళ్లి చేసుకోని మనిషి, ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఫాల్ట్ అయ్యుంటుంది అంటున్నారంతా. అయ్యుండొచ్చు. కానీ స్విచ్ ఆన్ వైపు జరిపి ఉంది, నా కళ్లతో చూశాను. యాదగిరి కూడా చూశాడు.

"మీరే బంద్ చెయ్యుండ్రి సార్, నేనైతే ముట్ట" అని బయటికెళ్లిపోయాడు.

కంట్రోల్ రూమ్ మళ్లీ చేసింది. టీమ్‌ని పంపాలా అని.

"వద్దండీ" అన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు.

రాత్రే పిలవొచ్చు కదన్నా? మోతీనగర్ నుంచి ఎంతసేపు పట్టేది నాకు?

దాన్ని ఆపడానికి చెయ్యి రాలేదు. ఆ లైటు వెలుగుతున్నంతసేపూ నువ్వింకా పిలుస్తున్నట్టే ఉంది. చివరికి "వచ్చానన్నా" అని పైకే చెప్పి, ఆఫ్ చేశాను.

ఇక నిన్నెవరూ లేపరు. ప్రశాంతంగా పడుకో అన్నా.