‘కోయ మహిళ, లెప్రసీ’

జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతున్నప్పుడు, ఒక ఉదయం నా ఎడమ చిటికెన వేలు వేడి పెనానికి ఆనింది. కాలిన వాసన వచ్చాకే చూసుకున్నాను. బొబ్బ లేచింది కానీ మంట లేదు.

అప్పటికి ఏడాదిగా మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఉంది. ఎగ్జిమా అని ఫ్యామిలీ డాక్టర్ క్రీమ్ రాసిచ్చాడు. వేలు కాలిన సంగతి చెప్పినా మళ్లీ అదే క్రీమ్. స్కిన్ డాక్టర్ టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడానికి మూడు నెలలు పట్టింది. ఆమె మచ్చను దూదితో తాకి, మోచేతి దగ్గర ఉబ్బిన నర్వ్‌ను తడిమి చూసి, బయాప్సీ చేయించింది.

“లెప్రసీ. నయమవుతుంది. మందులు మొదలుపెట్టాక ఎవరికీ అంటదు” అంది.

నాతో ఫ్లాట్‌లో ఉండే హైదరాబాద్ అమ్మాయి శ్రావణికి అదే చెప్పాను.

“ఏమో అక్కా, నువ్వు వేరే రూమ్ చూస్కో. మీ అడవిలకెల్లి తెచ్చుకున్నవ్ గదా!”

“అడవి రోగమా ఇది? నోరు జాగ్రత్త!” అని అరిచాను. అప్పటికే నా గిన్నెలు గుమ్మం బయట పెట్టేసింది. ఆ వారమే వేరే గదికి మారాను.

మేం కోయలం. తెల్లదొరల కాలంలో మా ముత్తాతను ఇదే జబ్బని కంచె వేసిన కుష్ఠు ఆసుపత్రికి తీసుకుపోయారు. మళ్లీ ఊరికి రానివ్వలేదని నాయనమ్మ చెప్పేది. స్కిన్ డాక్టర్‌కి కూడా ఇదంతా చెప్పాను.

ఏడాదిపాటు లెప్రసీకి ఇచ్చే ఎండీటీ మందులు మింగాను. నాలుగో నెలలో నరాల్లో రియాక్షన్ వచ్చి చెయ్యి వాచింది. స్టెరాయిడ్లతో వాపు తగ్గినా రెండు వేళ్లు వంగిపోయాయి.

ఆ చేతి ఫొటోను మెడికల్ విద్యార్థులకు చూపించొచ్చా అని స్కిన్ డాక్టర్ అడిగితే సంతకం పెట్టాను. క్లాసుకు నేనూ వెళ్లాను. తెర మీద మొదట ఒక పాత ఫొటో. గోచీ కట్టుకుని, వేళ్లు లేని చేతులు చాపిన మనిషి. కింద ‘కోయ, కుష్ఠురోగి’ అని ఉంది. తర్వాత నా చెయ్యి. ‘కోయ మహిళ, లెప్రసీ’.

నేను లేచి నిలబడ్డాను. “ఆయన పేరేంటి?”

“అప్పట్లో రాసుకోలేదు” అంది డాక్టర్.

“ఇప్పుడు మీరూ అదే చేశారు. కోయ అన్నది నా జాతి, జబ్బు లక్షణం కాదు. నా ఫొటో తీసేయండి.”

“నా ఉద్దేశం అది కాదు...”

“ఆ ఫొటో తీసినాయన కూడా అదే అని ఉంటాడు!”

అందరి ముందే నా అనుమతి వెనక్కి తీసుకున్నాను. తర్వాతి టెర్మిన్‌లో ఆమె క్షమాపణ చెప్పి, నా స్లైడ్ తొలగించానని చూపించింది. అయినా నా కోపం చల్లారలేదు.

ఇప్పుడు జర్మనీలోనే ఎష్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మందులు ఆపి ఏడాదయింది. ఎనిమిది వేళ్లతో టైప్ చేస్తాను. మీ ఒంటిమీద పాలిపోయిన మచ్చ ఉంటే, కళ్లు మూసుకుని దూదితో తాకించుకోండి. స్పర్శ తెలియకపోతే డాక్టర్‌ని నర్వ్ పరీక్ష చేయమనండి. క్రీమ్ రాసిచ్చి వెళ్లమంటే కుర్చీలోంచి లేవకండి.