హారిక ఎడమ కాలు

కోనసీమ విడి జిల్లా అయిన మరుసటి ఏడాది, 2023 వేసవిలో, నన్ను అక్కడి ఒక రవాణా శాఖ యూనిట్ ఆఫీసుకి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఊరి పేరు రాయను. రాస్తే ఆ ఊరివాళ్ళు ఇంటికొచ్చి మరీ వాదిస్తారు. వాదన నాకు ఇష్టమే, కాని స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నది కాస్త నోటికి విశ్రాంతి ఇద్దామనే.

మా ఉద్యోగమంటే రోడ్డు మీద లారీలు ఆపడమని జనం అనుకుంటారు. అసలు పని వేరు. ఫిట్‌నెస్‌కి వచ్చిన బండి కింద దూరి చూడాలి. ప్రమాదమైన బండికి బ్రేకులు పనిచేశాయో లేదో పోలీసులకు రాసివ్వాలి. లైసెన్సు అడిగినవాళ్ళకి పరీక్ష పెట్టాలి. మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన ఆడమనిషి ఈ పని చేస్తే, మొదటి నెలంతా కాఫీ హోటలు దగ్గర అదే కబురు. రెండో నెలకి అలవాటు పడతారు. మూడో నెలకి భయపడతారు. నేను మూడో నెలలో ఉండగా హారిక వచ్చింది.

రావడానికి ముందే పేరు వచ్చింది. ఐ.పోలవరం దగ్గర రొయ్యల చెరువులున్న ప్రసాదరావు గారి అమ్మాయి. ఆయన రొయ్యపిల్ల కొనడానికి మద్రాసు వైపు హేచరీలకు వెళ్ళేటప్పుడు, సెలవుల్లో కూతుర్ని వెంట తీసుకెళ్ళేవారు. దారిలో ఒకచోట చిన్న పందెం బళ్ళు తిరిగే ట్రాక్ ఉంది. వాటిని కార్టులంటారు. నేలకి బెత్తెడు ఎత్తులో నడుస్తాయి. తండ్రి బేరం ముగించుకుని వచ్చేసరికి ఈ పిల్ల ఆ కార్టు దిగనని కూర్చుందట. అక్కడినుంచి ఒంటి సీటు రేసు కార్లదాకా వెళ్ళింది. పద్దెనిమిదేళ్ళు నిండేసరికి రేసులు గెలిచి, జిల్లా పేపర్లలో హెల్మెట్ చంకన పెట్టుకుని ఫోటోలు దిగింది. పందెమంటే కోడి, పడవ తప్ప తెలియని మా ఆఫీసులో కూడా ఆ పేపరు గోడకి అతికించారు.

ఇంత గెలిచిన పిల్లకి లైసెన్సు ఎందుకు లేదని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. రేసు ట్రాక్ ప్రైవేటు స్థలం. అక్కడ మోటారు క్రీడలవాళ్ళు ఇచ్చే పోటీ అనుమతి చాలు, మైనరుకి కూడా దొరుకుతుంది. ఇప్పుడు ఈ అమ్మాయిని కార్ల ర్యాలీ పందేలకి వెళ్ళే ఒక జట్టు ఎంచుకుంది. ర్యాలీలో పందెం జరిగే దారులు మూసేస్తారు గాని, ఒక దారినుంచి ఇంకో దారికి కారు మామూలు రోడ్డు మీద, మామూలు జనం మధ్య పోవాలి. అందుకని డ్రైవరుకి మా శాఖ ఇచ్చే లైసెన్సు తప్పనిసరి. జట్టువాళ్ళు పేర్లిచ్చే గడువు ఆ పక్షంలోనే ఉంది. లైసెన్సు లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆడపిల్లకి అలాంటి సీటు మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదని తండ్రి గుమ్మం దగ్గరే చెప్పేశారు.

పద్ధతి ఇదీ. ముందు ఎల్.ఎల్.ఆర్., అంటే నేర్చుకునేవాళ్ళ లైసెన్సు. నెల గడిచాక పరీక్ష. తప్పితే వారం ఆగి మళ్ళీ రావాలి. ఆ నెల రోజులూ పక్కన లైసెన్సున్న మనిషి కూర్చుని నేర్పాలి. హారికకి నేర్పింది బుల్లబ్బాయి మాస్టారు. చుట్టుపక్కల మండలాల్లో కారెక్కిన ప్రతివాడూ ఆయన శిష్యుడే. డ్రైవింగ్ స్కూలు కారులో పక్కసీటు కింద కూడా ఒక బ్రేకు పెడల్ ఉంటుంది. శిష్యుడు తడబడితే మాస్టారు తొక్కుతారు.

నేను వచ్చేదాకా అక్కడి ఆచారం ఏమిటంటే, పరీక్ష రోజున కూడా మాస్టారు ఆ పక్కసీటులోనే కూర్చునేవారు. ఇన్‌స్పెక్టరు గొడుగు కింద నిలబడి చూసేవాడు. హెచ్ ఆకారంలో కారు ముందుకీ వెనక్కీ పోయేది. ఎవరి కాలు నడిపించిందో దేవుడికెరుక. నేను మాస్టార్లని దింపి, ఆ సీటులో నేను కూర్చోవడం మొదలుపెట్టాను. బుల్లబ్బాయి మాస్టారికి అది పెద్ద కష్టం.

“నేను పక్కనుంటే పిల్లలకి ధైర్యం అండీ,” అన్నారు ఆరోజు కూడా.

“ఈ పిల్లకి మీ ధైర్యం దేనికండీ? ఛాంపియను కదా,” అన్నాను.

“ఆయ్, ఛాంపియనే అండీ, కాదనలేదు. అయినా కూడానండీ...” అని నసిగారు. ఆ నసుగుడు ఎందుకో అప్పుడే అడగాల్సింది.

మా పరీక్ష స్థలం కాలవ గట్టు పక్కన. చివర్న నేల రేవులోకి వాలుతుంది. ఆవేళ మామూలుగా లైసెన్సులకి వచ్చినవాళ్ళే కాకుండా, ఛాంపియన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళతో గట్టు నిండిపోయింది. హారిక పొట్టిగా, గట్టిగా ఉంది. నన్ను చూసి నమస్కారం పెట్టి, “మేడమ్ గారూ, బెల్టు పెట్టుకోండి,” అంది. నాకు చెప్పింది! మంచిదే అనుకున్నాను.

హెచ్ మీద ఒక్క గీత తాకలేదు. వెనక్కి వచ్చేటప్పుడు అద్దాల్లో చూసిన తీరు, చక్రం తిప్పిన తీరు, నా ఉద్యోగంలో అంత శుభ్రంగా చేసినవాళ్ళని చూడలేదు. క్లచ్ కూడా మెత్తగా తొక్కి వదిలింది. ఇక గట్టువైపు ఒక చుట్టు తిప్పి ఆపమన్నాను. సంతకం పెట్టినట్టే అని మనసులో అనుకున్నాను కూడా.

అప్పుడు గట్టుమీది గుంపులోంచి ఒక సైకిలు తోసుకొచ్చింది. హ్యాండిలుకి అటూ ఇటూ కొబ్బరి గెలలు వేలాడదీసుకుని ఒక పెద్దాయన సరిగ్గా మాకు అడ్డంగా దిగారు. హారిక కాలు టక్కున పడింది. అంత వేగంగా కాలు పడడం నేను చూడలేదు. కాని పడింది ఎడమ కాలు. పడింది క్లచ్ మీద.

కారు గురించి తెలియనివాళ్ళకి చెబుతాను. క్లచ్ తొక్కితే ఇంజినుకీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది, అంతే. కారు ఆగదు. వాలులో ఐతే ఇంకా హాయిగా పోతుంది. మా కారు హాయిగా పోతోంది. ఆగడం లేదని ఆ పిల్ల ఇంకా గట్టిగా, అదే కాలితో, అదే పెడల్‌ని తొక్కుతోంది. ముందు సైకిలు, దాని వెనక గట్టు మీద జనం, ఆ వెనక కాలవ. నా కాలు నాకు తెలియకుండానే నా వైపు బ్రేకు మీద పడింది. కారు ఆగింది. ఒక కొబ్బరికాయ బానెట్ మీద పడి దొర్లింది.

సైకిలు పెద్దాయన హడలిపోయి, దొర్లిన కాయవైపు చూశారు. తర్వాత మా వైపు తిరిగి అరిచారు. “కాయలు కావాలంటే అడగాలి గానమ్మా, ఇలా మీదకొచ్చేస్తారా!”

ఎవరూ నవ్వలేదు. హారిక రెండు చేతులూ చక్రం మీదే పెట్టుకుని తన కాలి వైపు చూస్తోంది, అది ఇంకెవరిదో అన్నట్టు.

పరీక్ష పెట్టేవాళ్ళు బ్రేకు తొక్కవలసి వచ్చిందంటే పరీక్ష అక్కడితో సరి. దిగి, తప్పిందని రాశాను. గట్టు మీద గోల మొదలైంది. హారిక నా వెనకే వచ్చింది.

“రేసు కారులో ఎడమ కాలు బ్రేకుదండీ. కుడికాలు యాక్సిలరేటరుది. బయల్దేరేటప్పుడు తప్ప క్లచ్‌తో పనే లేదు. పదేళ్ళ నుంచి అదే అలవాటు. అది తప్పెలా అవుతుంది?”

“ట్రాక్ మీద తప్పు కాదు. ఇక్కడ తప్పు.”

“నెల రోజులు ఇదే కారు నడిపేనండీ. ప్రతిసారీ ఆగింది. ఇవాళ మీరు కూర్చుంటేనే ఆగలేదు!”

ఆ మాటకి నేను బుల్లబ్బాయి మాస్టారి వైపు తిరిగాను. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నారు. పిలిచి, ప్రతిసారీ ఎలా ఆగిందో చెప్పమన్నాను.

“ఏం చెప్పమంటారండీ. నింపాదిగా ఉంటే బ్రేకుకి కుడికాలేనండీ. కంగారులో మాత్రం అమ్మాయిగారి ఎడంకాలు పడేదండీ. పడగానే నేను నా వైపు తొక్కేసేవాణ్ణి.”

“కాలు తప్పని చెప్పలేదా?”

“అంత పెద్ద ఛాంపియన్‌కి మనం కాలు తప్పని చెప్తే ఏం బాగుంటుందండీ? ప్రసాదరావు గారు ఏమనుకుంటారు? నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందనుకున్నానండి.”

నేను నివ్వెరపోయాను. దొంగ సర్టిఫికెట్లు చూశాను, తాగి పరీక్షకి వచ్చినవాణ్ణి చూశాను, ఇలాంటిది చూడలేదు. ఈ పిల్ల ఎడమ కాలు పడినప్పుడల్లా కారు ఆగింది. ఆపింది తన కాలేనని ఆ కాలు నమ్మింది. నెల రోజులు మర్యాదగా, ఎంతో గౌరవంగా, ఆ తప్పుని ఆయన దగ్గరుండి గట్టిపరిచారు. మా గోదావరి మర్యాద గురించి నేను చాలా పొగడ్తలు విన్నాను. అది మనుషుల్ని కాలవలోకి తోయగలదని ఆరోజే తెలిసింది.

సాయంత్రానికి పై అధికారి ఫోను చేశారు. జిల్లాకి పేరు తెచ్చే అమ్మాయి, చిన్న పొరపాటు, మానవతా దృష్టితో చూడమన్నారు. సైకిలాయన కూడా మానవుడేనండీ అన్నాను. మీతో మాట్లాడలేమమ్మా అన్నారు. నిజమే. తర్వాత ఒక నాయకుడి సహాయకుడు చేసి, ఆడదానికి ఆడదే శత్రువని నాకు నీతి చెప్పబోయాడు. నేను శత్రువునైతే ఆ బ్రేకు తొక్కేదాన్నే కానని చెప్పి పెట్టేశాను.

వారం నిండగానే హారిక మళ్ళీ వచ్చింది. గడువుకి అదే ఆఖరి అవకాశం. ఈసారి మాస్టారి కారు కాదు. కొత్తపేటలో డాక్టరుగా ఉన్న మేనమామ కారు తెచ్చింది. లోపల చూశాను. రెండే పెడళ్ళు. క్లచ్ లేని ఆటోమేటిక్ కారు!

“ఇదేమిటి?” అన్నాను.

“కారండీ,” అంది.

“ఇందులో నీ ఎడమ కాలికి పరీక్షేముంది?”

“ఏ రూల్లో ఉందండీ గేర్ల కారే తేవాలని? చూపించండి, వెళ్ళిపోతాను.”

నేను లోపలికి వెళ్ళి రూల్సు తిరగేశాను. లేదు. తేలికపాటి వాహనమంటే తేలికపాటి వాహనమే, పెడళ్ళు ఎన్నో చట్టం లెక్కపెట్టలేదు. ఆటోమేటిక్ కారు మీద పాసైనవాళ్ళు మర్నాడు గేర్ల కారు ఎక్కి ఎక్కడికైనా పోవచ్చు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ కన్నం నా కంట పడలేదంటే, నాతో అంతవరకూ అంత పదునుగా వాదించినవాళ్ళు లేకపోవడమే కారణం. బయటికొచ్చి, “ఎక్కు,” అన్నాను.

ఈసారి నా వైపు బ్రేకు లేదు. బెల్టు ఇంకోసారి లాగి చూసుకున్నాను. హెచ్ అయింది. గట్టువైపు తిరిగాక, ముందు చెప్పకుండా, ఒక్కసారి “ఆపు!” అని అరిచాను. నేను నోరు మూసేలోపల కారు నిలబడిపోయింది. మళ్ళీ ఎడమ కాలే. క్లచ్ లేదు గనక ఈసారి అది బ్రేకు మీదే పడింది. పాస్ చేయక నాకు దారి లేదు.

సంతకం పెడుతూ ఒక్కటే అడిగాను. “మీ ర్యాలీ కారుకి పెడళ్ళెన్ని?”

“మూడండీ,” అంది.

“సరే. వెళ్ళు. రూలు నిన్ను ఆపలేదు, నేనూ ఆపలేను.”

ప్రసాదరావు గారి మొహం వెలిగిపోయింది. బుల్లబ్బాయి మాస్టారు స్వీటు డబ్బా విప్పేశారు. హారిక మాత్రం వరండా చివరికి వెళ్ళి జట్టు మేనేజరుకి ఫోను చేసింది. నా కిటికీ పక్కనే కాబట్టి ప్రతి మాటా వినపడింది.

“లైసెన్సు వచ్చిందండీ. కానీ ఈ ర్యాలీకి నన్ను డ్రైవరుగా పెట్టకండి. పక్కసీటు ఇవ్వండి, మలుపులు రాసుకున్న కాగితం చూసి డ్రైవరుకి దారి చదువుతాను. నాన్నగారి రొయ్యల మేత తెచ్చే గేర్ల వ్యాను వారమంతా చెరువు గట్ల మీద నడిపి చూసేనండీ. గేదె అడ్డమొస్తే ఇంకా ఎడంకాలే పడుతోంది... లేదండీ, ట్రాక్ మీద భయం లేదు. రోడ్డు మీద ఉందండీ.”

డబ్బా పట్టుకుని వచ్చిన మాస్టారు మూత పెట్టేశారు. ప్రసాదరావు గారు బెంచీ మీద కూలబడి, “ఏం పనమ్మా ఇది? సీటు పోగొట్టుకోడానికా లైసెన్సు తెచ్చుకున్నావు?” అన్నారు.

“లైసెన్సు ఉంటేనే కదా నాన్నగారూ, సీటు వద్దంటే మనమే వద్దన్నట్టవుతుంది. లేకపోతే మేడమ్ గారు ఫెయిల్ చేసినట్టవుతుంది,” అంది.

నాకు ఆ రోజంతా తేరుకోవడం కష్టమైంది. చట్టం నా చేతికివ్వని అధికారాన్ని ఆ పిల్ల తన మీద తనే వాడుకుంది. అదీ నన్ను ఓడించాక. ఆ ర్యాలీలో డ్రైవరు సీటు ఇంకొకరికి వెళ్ళింది. హారిక పక్కసీటులో కూర్చుని దారి చదివింది. మరుసటి సీజనులో తనే నడిపింది. గెలిచిందో లేదో నేను కనుక్కోలేదు. అది నా శాఖ పని కాదు.

నా శాఖ పని వరకు, ఆటోమేటిక్ కార్ల మీద పాసైనవాళ్ళ లైసెన్సులో ఆ సంగతి రాయాలని పైకి నివేదిక పంపాను. జవాబు రాలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి పరీక్షలో, గీతలన్నీ శుభ్రంగా దాటాక, హఠాత్తుగా ఒక అరుపు అరిచి మనిషి కాలు చూసేదాన్ని. నింపాదిగా ఉన్నప్పుడు అందరికీ డ్రైవింగ్ వస్తుంది. బాగా వచ్చినవాళ్ళకి తప్పు చెప్పడానికి చుట్టూ ఉన్నవాళ్ళు మొహమాటపడతారు. ఇన్‌స్పెక్టరుకి జీతమిచ్చేది మొహమాటపడకుండా ఉండడానికే.